‘మీరు’, ‘నువ్వు’ ఒక్కటే అయిన భాషలోకి

ప్రశ్న: మాది తిరుపతి. ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు మూడేళ్లుగా ఇంటర్నెట్‌లో తెలుగు బొమ్మల కథ ఒకటి వేస్తున్నాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో టిఫిన్ కొట్టు నడిపే నాగులవ్వ, ఆమె దగ్గరకు వచ్చే యాత్రికులు, ఇదీ కథ. ఇప్పటికి నలభై భాగాలు వచ్చాయి. నేను రెండేళ్లుగా సొంతంగా ఎస్పెరాంతో నేర్చుకుంటున్నాను. ఈ కథను ఆ భాషలోకి తేవాలని కోరిక. అన్న ‘నీ ఇష్టం’ అన్నాడు. అమ్మ మాత్రం ‘ఎవరో కూర్చుని కల్పించిన భాషలోకి ఎందుకు, ఇంగ్లిషులోకో హిందీలోకో చేస్తే నాలుగు డబ్బులైనా వస్తాయి’ అంటోంది. స్నేహితురాలు ‘తోకి పోనాలోకి చెయ్యి, అందులో 120 మాటలే, సులువు’ అంటోంది. రెండు భాగాలు మొదలుపెట్టి ఆగిపోయాను. పొంగలి, ప్రసాదం, గుండు, వేషం, దేనికీ మాట దొరకడం లేదు. కొత్త మాటలు పుట్టించమంటారా? ఆరు భాగాలు ఉత్తరంతో పంపుతున్నాను. మీకు మా అమ్మమ్మ వయసు ఉంటుంది, నన్ను ‘నువ్వు’ అనే పిలవండి. (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: సరే అమ్మాయీ, ‘నువ్వు’ అనే అంటాను. ఇప్పుడు ఉత్తరం చివర నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యాన్నే ఎస్పెరాంతోలో రాసి చూడు. కుదరదు. ఆ భాషలో ‘నువ్వు’కూ ‘మీరు’కూ కలిపి ఉన్నది ‘వి’ అనే ఒక్క మాట. ఒకరైనా పదిమందైనా, పసిబిడ్డ అయినా పీఠాధిపతి అయినా ‘వి’. నీ వాక్యంలో ఉన్నదంతా ఆ రెండింటి మధ్య తేడాయే కనుక, ఆ తేడా లేని భాషలో వాక్యమే మిగలదు. పొంగలికి మాట దొరకలేదని ఆగిపోయానన్నావు. పొంగలి గురించి నాకు బెంగ లేదు. మీ అన్న గిన్నె వేశాడు, పైకి లేచే ఆవిరి కూడా వేశాడు. నా బెంగంతా ఈ ‘వి’ గురించే.

నువ్వు పంపిన ఆరింటిలో పన్నెండో భాగాన్ని నేను మూడుసార్లు చదివాను. కొడుకు కొట్టు అమ్మేయమని పోట్లాడి వెళ్లిపోయి, ఏడాది తర్వాత మామూలు గిరాకీలా వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. తల్లిని ‘మీరు’ అంటాడు. ‘మీ దగ్గర ఏమున్నాయి’, ‘మీకు ఎంత ఇవ్వాలి’. ఆ ‘మీరు’ ఎంత గట్టిగా తగులుతుందో తెలుగు చదివే ప్రతివారికీ తెలుసు. రాయలసీమలో కన్నతల్లిని మీరు అనే కొడుకు ఎక్కడుంటాడు? ఆరు బొమ్మల పాటు అలా సాగి, చివరి బొమ్మలో చేయి కడుక్కుని లేస్తూ ‘నువ్వు తిన్నావా అమ్మా?’ అంటాడు. కథంతా ఆ ఒక్క మాట మార్పులో ఉంది. నువ్వు చేసిన చిత్తులో మొదటి బొమ్మలోనూ ‘వి’, చివరి బొమ్మలోనూ ‘వి’. అది చదివినవాడికి ఒక మనిషి ఇడ్లీ తిని వెళ్లిపోయినట్టే ఉంటుంది.

దీనికి దారి ఏమిటి? ఎస్పెరాంతోలో ‘త్సి’ అని ఒక పాత ‘నువ్వు’ ఉంది, నిఘంటువుల్లో దొరుకుతుంది. దాని జోలికి వెళ్లకు. వాడుకలో లేని మాట కనుక చదివేవాడికి ఆప్యాయత తోచదు, పాతకాలపు నాటకం తోస్తుంది. పిలుపులో పని జరిపించు. కొడుకు కోపంలో ఉన్నంతసేపూ తల్లిని ‘సిన్యోరీనో’ అనిపించు, అంటే అమ్మగారూ అని, కొత్తవాళ్లను పిలిచే తీరు. చివరి బొమ్మలో ‘చు వి మాంజిస్, పాన్యో?’ అనిపించు. ‘పాన్యో’ ఎంత చక్కని మాటో నీకు తెలుసు. తల్లికి ‘పాత్రీనో’ అన్న మాట ఉండగా, దాన్ని కుదించి, చివర ‘న్యో’ చేర్చి, ఇంట్లో బిడ్డలు పిలుచుకునేలా చేసిన రూపం. ‘సిన్యోరీనో’ నుంచి ‘పాన్యో’కు రావడంలో కొడుకు ఇల్లు చేరడం కనిపిస్తుంది. ‘వి’ మారకపోయినా నష్టం లేదు.

నీ పని అంతా నాకు ఇలాగే కనిపిస్తోంది. వస్తువుల్ని బొమ్మకు వదిలెయ్యి. మనుషుల మధ్య ఉన్నదాన్ని మాటల్లో పట్టు. బొమ్మల కథ అనువాదానికీ నవల అనువాదానికీ పెద్ద తేడా ఇదే. నవలలో గుండు అంటే ఏమిటో వాక్యంలోనే చెప్పాలి. మీ అన్న కథలో తండ్రీ కొడుకూ ఇద్దరూ నున్నటి తలలతో, చందనం పూసుకుని, చంకలో లడ్డూల సంచీతో వచ్చి కూర్చున్నారు. ఎస్పెరాంతోలో ‘సెన్‌హారూలో’ అని జుట్టు లేనివాడికి మాట కట్టవచ్చు. కానీ ఎందుకు? అవ్వ చేత ‘మొక్కు తీరిందా?’ అనిపిస్తే చాలు. మొక్కు అన్నది ఇద్దరి మధ్య, ఆ మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న మాట. అది బొమ్మలో కనబడదు. ఆ మాట కోసం ఒక రోజంతా వెతుకు, అది న్యాయమైన కష్టం.

ప్రసాదం కూడా అంతే. నీ చిత్తులో దాన్ని ‘దేవుడికి నైవేద్యం పెట్టిన తీపి పదార్థం’ అని పదకొండు మాటల్లో విడమరిచావు. బుడగలో పట్టక అక్షరాలు చీమల్లా అయ్యాయి. బొమ్మ వైపు చూడు. షుగర్ ఉన్న పెద్దాయన లడ్డూలోంచి చిటికెడు తుంచి, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటున్నాడు. ఇంతకన్నా ఏ నిఘంటువు చెబుతుంది? ‘లద్దువో’ అని ఊరుకో. భౌగోళిక గుర్తింపు కూడా 2009లోనే పొందిన మన లడ్డూకు వేరే పేరు వెతకడం నాకు నచ్చదు. పొంగలి ‘పొంగాలో’, దోస ‘దోసో’. నామవాచకం ‘ఓ’తో ముగియాలన్న నియమం పాటిస్తే పైదేశపు పేరును తెచ్చుకోవడానికి ఆ భాష అడ్డుచెప్పదు. ‘కొత్త మాటలు పుట్టించమంటారా’ అన్నావు. తిండి పేర్లకు అది పుట్టించడం కాదు, తీసుకువెళ్లడం. మిగతా చోట్ల పుట్టించవద్దు. ఉన్న ధాతువులతో కట్టడం నేర్చుకో. ఆసుపత్రిని ‘మల్-సాన్-ఉల్-ఎయ్-ఓ’, అంటే ఆరోగ్యం లేనివారు ఉండే చోటు అని కట్టుకున్న భాష అది. పొద్దున తినే చోటు ‘మాతెన్‌మాంజేయో’. నాగులవ్వ కొట్టుకు ఇది సరిపోతుంది, బోర్డు మీద రాయించినా బాగుంటుంది.

ఒక్కచోట మాత్రం నా మాటకు నేనే మినహాయింపు ఇస్తాను. తాతయ్యగుంట గంగమ్మ జాతర భాగం. మే నెలలో జరిగే ఆ జాతర గురించి ఊళ్లో పుట్టిన నీకు చెప్పాల్సిన పని లేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఒక్కో రోజు ఒక్కటి. చీర కట్టుకున్న మగవాడు కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిడుతుంటే అవ్వ దండం పెట్టి పళ్లెంలో దక్షిణ వేస్తుంది. ఈ బొమ్మను ఒంటరిగా పంపితే బ్రెజిల్‌లోనో పోలండ్‌లోనో చూసేవాడు వినోదాల ఊరేగింపు అనుకుంటాడు. ఇక్కడ బొమ్మ దారి తప్పిస్తుంది, అందుకే మాట అవసరం. ‘కొస్తూమో’ అనకు, అది నాటకాల దుస్తులు. ‘వేషో’ అని మన మాటనే ఉంచి, ఆ భాగం మొదట్లో ఒక బొమ్మ అదనంగా వేయించమని అన్నను అడుగు. పాలెగాడు ఆడవాళ్లను చెరుస్తుంటే గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వాడిని వెతికి చంపిందన్న కథ నాలుగు ముక్కల్లో చెప్పించు. తిట్లను మాత్రం వాళ్ల తిట్లలోకి మార్చకు. అక్కడ తిట్టు మొక్కుబడి. ఆ భాషలో తిట్టు తిట్టే. బుడగలో గీతలూ చుక్కలూ పెట్టి, అవ్వ దండాన్ని పెద్దగా కనిపించనివ్వు. ఈ భాగాన్ని అన్నిటికన్నా చివర చెయ్యి.

ఇప్పుడు స్నేహితురాలు చెప్పిన తోకి పోనా సంగతి. సోన్యా లాంగ్ అనే కెనడా ఆమె 2001లో కల్పించిన భాష. 2014లో ఆమే రాసిన పుస్తకంలో 120 మాటలు ఉన్నాయి. మాటలు తక్కువ కనుక సులువు అనుకోవడం పొరపాటు. తక్కువ సామానుతో వంట చేయడం ఎక్కువ సామానుతో చేయడం కన్నా కష్టం. బండిని ‘తోమో తావా’, కదిలే ఇల్లు, అనాలి. అలిపిరి మెట్లు ఎక్కివచ్చిన పిల్లవాడు ‘నేను లెక్కపెట్టాను, 3,550!’ అని గర్వంగా చెప్పే బొమ్మ ఉంది కదా? తోకి పోనాలో వాడు ‘మూతే’ అనాలి, అంటే చాలా అని. వంద దాకా సూచించే మాటలు ఉన్నా, వాటిని పేర్చుకుంటూ పోతే బుడగ నిండిపోతుంది. వాడి గర్వమంతా లెక్క తప్పకపోవడంలో ఉంది. నాగులవ్వ కథను మొత్తంగా ఆ భాషలోకి పంపవద్దని నా సలహా.

అయితే దాన్ని జల్లెడగా వాడుకోవచ్చు. ప్రతి బుడగనూ ముందు తోకి పోనాలో చెప్పడానికి ప్రయత్నించు. చెప్పగలిగితే ఆ బుడగలో సారం అంతే, ఎస్పెరాంతోలోనూ పొట్టిగా రాయి. చెప్పలేకపోతే ఏది జారిపోతోందో కాగితం మీద రాసుకో. ఆ కాగితం నిండా వస్తువుల పేర్లు ఉండవని నా నమ్మకం. ‘అట’, ‘లే’, ‘కదా’, ‘మనం’, ‘మేము’ లాంటివి ఉంటాయి.

ఇవి చిన్న మాటలని తీసిపారేయవద్దు. నేను పుట్టింది నగరిలో. ఇంటికి ఎడమ పక్క తమిళం, కుడి పక్క తెలుగు. పాతికేళ్లు తమిళ పిల్లల కథల్ని తెలుగు చేశాను. ఆ పనిలో నాకు సుఖం ఏమిటంటే, ఈ చిన్న మాటలన్నీ రెండు వైపులా ఉన్నాయి. నీ, నీంగ, నువ్వు, మీరు. నామ్, నాంగళ్, మనం, మేము. ఇటునుంచి అటు ఎత్తిపెట్టడమే. ఎస్పెరాంతో చదవడం మొదలుపెట్టాకే మన భాషలో మనం గమనించకుండా ఎంత చెబుతున్నామో నాకు తెలిసింది. అక్కడ మనం, మేము రెండూ ‘ని’. అవ్వ ఎదురు కొట్టు ఆమెతో ‘మనం రేపు మూసేద్దాం’ అంటే ఇద్దరూ కలిసి. ‘మేము రేపు మూసేస్తున్నాం’ అంటే ఆమెకు సమాచారం, పైగా కొంచెం దూరం. ‘ని’ అన్నప్పుడల్లా ఆగి, అవసరమైతే ‘మీరూ నేనూ’ అని విడదీయి.

చిత్రం ఏమిటంటే, లోజ్బాన్ అనే మరో కల్పిత భాషలో ఈ తేడా ఉంది. తర్కశాస్త్రం పునాదిగా 1987 నుంచి రూపుదిద్దుకున్న భాష అది. అందులో నువ్వూ నేనూ కలిస్తే ‘మిహో’, నిన్ను వదిలి మేము అయితే ‘మిహా’. ఇంకా ముచ్చటైనది ‘తిహే’. విన్నమాట అని చెప్పడానికి వాక్యంలో వేసే ముక్క, అచ్చంగా మన ‘అట’. ఎక్కడో అమెరికాలో కూర్చుని తర్కం కోసం భాష కట్టుకున్నవాళ్లకు మన ఊరి అరుగు మీద కబుర్లలో పుట్టే ‘అట’ అవసరమైందని చదివిన రోజు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. అయినా నిన్ను లోజ్బాన్ వైపు వెళ్లమనను. రెండేళ్ల కష్టం నీకు ఎస్పెరాంతోలో ఉంది, చదివేవాళ్లూ అక్కడే ఎక్కువ. పైగా ఎస్పెరాంతోలో ‘లౌదీరే’ ఉంది. చెప్పుకునేదాన్ని బట్టి, అని ఒకే మాటలో. ‘కొండ మీద వాన వచ్చేసిందట’ అన్న బుడగకు నువ్వు ‘జనం చెప్పేదాని ప్రకారం’ అంటూ పొడుగు వాక్యం రాశావు. ‘లౌదీరే’ పెట్టి చూడు.

ఎస్పెరాంతోలో మనకు కలిసొచ్చే గుణం ఒకటుంది, నువ్వు దాన్ని వాడుకోవడం లేదు. కర్మకు చివర ‘న్’ చేరుతుంది, మనకు ‘ని’ చేరినట్టే. అందువల్ల మాటల వరుస మార్చినా అర్థం చెడదు. నీ వాక్యాలన్నీ ఇంగ్లిషు వరుసలో ఉన్నాయి, బహుశా ఇంగ్లిషు పాఠాల ద్వారా నేర్చుకున్నందువల్ల. ‘మి దోసోన్ మాంజిస్’ అని క్రియను చివర పెట్టినా తప్పు లేదు. తెలుగులో కథ చెప్పేవాడు క్రియను దాచి ఉంచి చివర విప్పుతాడు. బొమ్మల కథలో బుడగ చివరి మాటకే నవ్వు పుడుతుంది. మీ అన్న వాక్యాల్లో ఆ దాపరికం ఉంది, దాన్ని అలాగే ఉంచు. ప్రతి వాక్యంలో చేస్తే వింతగా ఉంటుంది. నవ్వు ఉన్నచోట చెయ్యి.

నవ్వు అన్నాను కనుక, చెప్పుల భాగం. కింద బస్సు నిండా జనం ‘గోవిందా గోవింద’ అని కేక పెడతారు. గుడి ముందు ఒకాయన ఖాళీ నేల వైపు చూస్తూ ‘నా చెప్పులు గోవిందా’ అంటాడు. దేవుడి పేరూ, పోయిందన్న అర్థమూ ఒకే మాటలో ఉన్న ఈ చమత్కారం ఏ భాషలోకీ రాదు. కింద గమనిక రాసి వివరించాలనుకున్నావు. వివరించిన చమత్కారం చల్లారిన దోస. కేకను అలాగే ఉంచి, ఆయన చేత ‘అంకౌ మియాయ్ సందాలోయ్ పిల్గ్రీమాస్’ అనిపించు. నా చెప్పులు కూడా యాత్ర చేస్తున్నాయి, అని. పోయినదాన్ని గురించి దేవుడి సన్నిధిలో పెద్దగా బాధపడని ఆ మనిషి గుణం నిలిచింది. నాకు ఆ గుణమే ముఖ్యం, శ్లేష కాదు.

పాల గిన్నె భాగంలో ఇంకో చిక్కు ఉంది. ‘అది రోజూ వస్తుంది, పాలు తాగి పోతుంది’ అని అవ్వ అంటే పక్కవాళ్లు కోడలి గురించి అనుకుంటారు, చివరికి పిల్లి. మనకు ‘వస్తుంది’ ఆడవాళ్లకూ పిల్లికీ ఒకటే. ఎస్పెరాంతోలో ‘షి’ అంటే ఆమె, ‘జి’ అంటే అది. ఏది రాసినా గుట్టు రట్టవుతుంది. ‘తియు’ వాడు. ఆ ఫలానా, అని మనిషికైనా మరొకదానికైనా చెల్లుతుంది.

పిలుపుల దగ్గర నీతో కొంచెం వాదించాలి. అవ్వ ఏడేళ్ల పాపను ‘తల్లీ’ అంటుంది. అర్థం కాదేమోనని నువ్వు ‘చిన్నపాపా’ అని మార్చావు. నేనైతే ‘పాన్యో’ అనే ఉంచుతాను. బొమ్మలో పాప ఎంతదో కనిపిస్తోంది. చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు, తర్వాత ఇక్కడ ఆడపిల్లల్ని అమ్మా అని పిలుస్తారని తెలుసుకుంటాడు. ఆ క్షణం ఆగడం మంచిదే. పైగా పన్నెండో భాగంలో కొడుకు నోట అదే ‘పాన్యో’ వచ్చినప్పుడు ఆ మాటకు బరువు పెరుగుతుంది. కానీ గిరాకీలందరినీ అవ్వ ‘నాయనా’ అనడాన్ని తండ్రిగా మార్చకు. భాగానికి పదిసార్లు వస్తే విసుగు. చాలాచోట్ల వదిలెయ్యవచ్చు. అక్క, చెల్లి ఇద్దరూ ‘ఫ్రాతీనో’ అయిపోతారు. ఎవరు పెద్దో కథకు అవసరమైతేనే చెప్పు.

తమిళ యాత్రికులు వచ్చినప్పుడు అవ్వ ‘వాంగ, ఉక్కారుంగ’ అంటుంది. మరాఠీవాళ్లతో వచ్చీరాని హిందీ. నువ్వు అన్నిటినీ ఎస్పెరాంతో చేసేశావు. దయచేసి వాటిని వెనక్కి తీసుకో. తెలుగు మాత్రమే ఎస్పెరాంతో కావాలి. తమిళం తమిళంగా, హిందీ హిందీగా, ఇంగ్లిషు లిపిలో రాసి ఉంచు. నాలుగు భాషల ముక్కలతో నాలుగు రాష్ట్రాల వాళ్ల కడుపు నింపే మనిషి కథ ఇది. అందరూ ఒకే భాష మాట్లాడితే అవ్వ గొప్పతనం కనిపించదు. ఎస్పెరాంతో పుట్టిన కథ తెలిసినవాళ్లకు ఈ కొట్టు మరింత నచ్చుతుందని నా ఊహ. దాన్ని కల్పించిన జామెన్‌హాఫ్ పెరిగిన బియాలిస్తోక్ ఊళ్లో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు ఒకరినొకరు నమ్మేవాళ్లు కాదు. అది చూసిన కుర్రవాడు పెద్దయ్యాక, 1887లో వార్సాలో, అందరికీ సమానమైన భాష అంటూ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. మన అవ్వ అదే చిక్కును ఇడ్లీ పళ్లెం మీద తీర్చింది. రెండూ ఒకే పేజీలో కలిస్తే చూడాలని ఉంది.

అన్న ‘నీ ఇష్టం’ అనడం చాలదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం అనువదించే హక్కు రచయితది. ఒక్క ఈమెయిలు రాయించుకో: ఏ భాషలోకి, ఎక్కడ పెట్టవచ్చు, డబ్బు వస్తే ఎవరికి ఎంత. రంగులు వేసే స్నేహితుడు, కథ చెప్పే మరో మనిషి ఉంటే వాళ్ల అనుమతీ కావాలి. అన్నాచెల్లెళ్ల మధ్య కాగితాలేమిటని అనుకోకు. కథ పేరు తెచ్చుకున్నాక అడగడం కన్నా ఇప్పుడు అడగడమే ఇద్దరికీ మర్యాద. ఈలోగా చేయి తిరగాలంటే ‘పెప్పర్ అండ్ క్యారట్’ చూడు. డేవిడ్ రెవోయ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 2014 నుంచి వేస్తున్న బొమ్మల కథ. పేరు చెబితే చాలు, ఎవరైనా అనువదించుకోవచ్చని ఆయన ముందే అనుమతి ఇచ్చాడు. ఎస్పెరాంతో, లోజ్బాన్, తోకి పోనా మూడింటిలోనూ దానికి అనువాదాలు ఉన్నాయి. ఒకే బొమ్మ కింద మూడు భాషలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నేను ఇంతసేపు చెప్పింది గంటలో తెలుస్తుంది.

ఆ కథ బొమ్మలు వేరుగా, అక్షరాలు వేరుగా ఉన్న ఫైళ్లలో దొరుకుతుంది. నీ అన్న దగ్గరా అలా తీసుకో. అక్షరాలు చెరిపి మళ్లీ రాసే పని పెట్టుకోవద్దు. ఒకసారి నేను తెలుగు చేసిన బొమ్మల పుస్తకంలో అచ్చువేసినవారు తమిళ అక్షరాల మీద తెల్లరంగు పూసి, మిగిలిన చోట తెలుగు కుక్కారు. ఒత్తులు గీత దాటి పాత్రల ముఖాల మీదికి వచ్చాయి. ఆ పుస్తకం ఇప్పటికీ తెరవలేను. ఎస్పెరాంతోకు ఒత్తుల బెడద లేదు కానీ టోపీల బెడద ఉంది. నెత్తిన గుర్తు ఉన్న అక్షరాలు ఆరు. బొమ్మల కథలకు వాడే అక్షరరూపాల్లో చాలావాటికి అవి ఉండవు. ‘ఎహోషాంజో చియుజౌదే’ అని టైపు చేసి చూడు, ఆరూ అందులో వస్తాయి. పెనం మీద ‘చుయ్’, వీధిలో బోర్డులు, ఇవన్నీ మీ అన్న చేతిరాతతో బొమ్మలో కలిసిపోయాయి. వాటిని తెలుగులోనే ఉంచు.

అమ్మ మాట మిగిలింది. డబ్బు విషయంలో ఆమె చెప్పింది నిజం. ఎస్పెరాంతోలోకి చేస్తే డబ్బు రాదు, ఆ ఆశతో మొదలుపెట్టకు. చదువుకు ఆటంకం కాకుండా ఆదివారాలు చేసుకుంటానని ఆమెకు మాట ఇచ్చి, నిలబెట్టుకో. కల్పించిన భాష అనడంలో ఆమెకు చిన్నచూపు ఉంటే, ‘బాహుబలి’లో కాలకేయులు మాట్లాడిన కిలికిని గుర్తుచెయ్యి. మదన్ కార్కి దాన్ని కూర్చుని కల్పించిందే, మన ఊళ్లో పిల్లలంతా పలికారు. ఇంకొకటి కూడా చెప్పు. 1919లో రవీంద్రుడు మన మదనపల్లెకు వచ్చి, అక్కడి కళాశాలలో ఉండగా ‘జనగణమన’ను తానే ఇంగ్లిషు చేశాడు. ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ స్వరం రాసిపెట్టింది. మాటలు మారినా బాణీ ఆ పాటను పట్టి ఉంచింది. నీకు బాణీ స్థానంలో మీ అన్న బొమ్మ ఉంది.

ఆమెను మాటలతో ఒప్పించే ప్రయత్నం అంతటితో ఆపి, పనిలోకి పిలువు. పన్నెండో భాగాన్ని బుడగలు ఖాళీ చేసి అచ్చు తీసి, వంటింట్లో ఆమె ముందు పెట్టు. ఒక్కో బొమ్మలో ఎవరు ఏమంటున్నారో చెప్పమను. ఆమె తడుముకోకుండా చెప్పినచోట నీ ఎస్పెరాంతో రెండు మూడు మాటలకు మించనవసరం లేదు. ఆమె ఆగినచోట పెన్సిలుతో గుర్తు పెట్టు, నీ ఆదివారాలు అక్కడ ఖర్చుపెట్టు. ఆ తర్వాత తెలుగు తెలియని ఎస్పెరాంతో పాఠకుడు ఒకరికి పూర్తి చేసిన పేజీ పంపి, కొడుకుకు ఎప్పుడు కోపం పోయిందని అడుగు. చివరి బొమ్మలో అని ఆయన చెబితే రెండో భాగం మొదలుపెట్టు. ముందే పోయిందన్నా, అసలు కోపమే లేదన్నా, ఆ పేజీ నాకు పంపు. కలిసి చూద్దాం.